అంబత్తూరులో కొలిమికి బొంత

మన పత్రికలో తిరుత్తణి, కాళహస్తి, రామేశ్వరం పోయివచ్చినవాళ్ళు చాలామంది రాశారు. బాగుంటాయి, నేనూ వదలకుండా చదువుతాను. ఈసారి నేను రాసేది ఐదు రూపాయల టికెట్టుతో అయిపోయే ప్రయాణం. పెరంబూరులో లోకల్ రైలు ఎక్కి పట్టరవాక్కంలో దిగడమే. అక్కడికి దేవుణ్ణి చూడ్డానికి ఎవరూ పోరు. నేను పోయింది ఒక కొలిమిని చూడ్డానికి. మా అక్క కొడుకు ఆ కొలిమి దగ్గర పని చేస్తాడు. మన మిల్లుల్లో పనిచేసిన వాళ్ళ పిల్లలు చాలామంది ఇప్పుడు ఆ పక్కనే ఏదో ఒక షెడ్డులో ఉన్నారు. వాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఇది చదవాలని రాస్తున్నాను. ఎందుకో కిందకి వచ్చేసరికి తెలుస్తుంది.

పెరంబూరు దాటితే క్యారేజ్ వర్క్స్ స్టేషను, ఆ తర్వాత లోకో వర్క్స్ స్టేషను. వర్కుషాపుల పేర్లే స్టేషన్ల పేర్లు. ఆ తర్వాత ఐ.సి.ఎఫ్. గోడలు కనబడతాయి. 1955 అక్టోబరు 2న నెహ్రూగారు వచ్చి ప్రారంభించిన పెట్టెల ఫ్యాక్టరీ అది. విల్లివాక్కం, కొరట్టూరు, పట్టరవాక్కం. అరగంట కూడా పట్టదు. కానీ ఆ అరగంటలో మన వాళ్ళ కథ చాలా వరకు కిటికీలో నుంచి కనబడుతుంది. పెరంబూరులో బి అండ్ సి మిల్లు ఉండేది. బకింగ్‌హామ్ మిల్లు 1876లో, కర్నాటిక్ మిల్లు 1881లో మొదలై, 1920లో రెండూ ఒకటయ్యాయి. చిత్తూరు నుంచి, నెల్లూరు నుంచి వచ్చిన మన పెద్దలు ఎంతమందో అక్కడ మగ్గాల మీద, ఫ్రేముల మీద బతికారు. మన దేశంలో మొదటి కార్మిక సంఘాల్లో ఒకటైన మద్రాస్ లేబర్ యూనియను 1918 ఏప్రిల్ 27న పుట్టింది ఆ మిల్లు కార్మికుల వల్లనే. 1996లో మిల్లు మూతపడింది. ఇప్పుడు ఆ జాగాలో అంతస్తుల మీద అంతస్తులు లేచాయి. లిఫ్టు ఉన్న ఇళ్ళు.

మిల్లులు పోయినాక పిల్లలు ఎటు పోయారంటే ఇటే పోయారు, అంబత్తూరు ఎస్టేటుకి. 1964లో ప్రభుత్వం పెట్టిన ఎస్టేటు. స్టేషను దిగి లోపలికి నడిస్తే ఒక్కొక్క వీధికి ఒక్కొక్క వాసన. ఒకచోట రబ్బరు, ఒకచోట పెయింటు, ఒకచోట బిస్కట్టు. మా మేనల్లుడి వీధికి కాలిన ఆయిలు వాసన. దూరం నుంచే హ్యామర్ దెబ్బ కాళ్ళల్లో తెలుస్తుంది. చెవి కంటే ముందు అరికాలుకి తెలుస్తుంది. టీ కొట్టులో గ్లాసులు ఆ దెబ్బకి ఒకటికొకటి తగులుకుని మోగుతుంటాయి. టీ కొట్టువాడికి ఆ మోత ఎప్పుడు ఆగుతుందో దాన్నిబట్టే షిఫ్టు టైము.

అది ఫోర్జింగు షెడ్డు. లారీలకి, ట్రాక్టర్లకి కావలసిన ఇనప ముక్కలు కొడతారు. ఇనుము ముక్కని కొలిమిలో పెట్టి పదకొండు, పన్నెండు వందల డిగ్రీలకి కాలుస్తారు. పసుపు రంగు తిరిగినాక పట్కారుతో తీసి హ్యామర్ కింద పెడతారు. మన పాత కమ్మరి పనే, సైజు పెద్దది. కొలిమి అంటే నిప్పులు, తిత్తి అనుకునేరు. ఇది ఒక చిన్న గది అంత ఇనప పెట్టె. లోపల ఇటుకలు, పక్కన ఆయిలు బర్నర్లు, ముందు తలుపు.

ఆ షెడ్డులో అలాంటివి రెండు పక్కపక్కన ఉన్నాయి. రెండూ ఒకే సైజు. మా వాడు నన్ను మొదటి దాని పక్కన నిలబెట్టి "మామా, గోడ మీద చెయ్యి పెట్టబోకు, ఊరికే దగ్గరికి తీసుకుపో" అన్నాడు. జానెడు దూరంలోనే చెయ్యి వెనక్కి వచ్చేసింది. రెండో దాని దగ్గరికి తీసుకుపోయి "ఇప్పుడు పెట్టు" అన్నాడు. పెట్టాను. వేడిగానే ఉంది, కానీ టీ గ్లాసు పట్టుకున్నట్టు కొంచెంసేపు పెట్టి ఉంచగలిగాను. లోపల రెండిట్లోనూ అదే మంట, అదే పసుపు రంగు.

తేడా లోపలి లైనింగులో ఉంది. మొదటి దానికి ఫైర్ బ్రిక్కు. తొమ్మిది అంగుళాల గోడ. రెండోదానికి గోడలకీ, కప్పుకీ, తలుపుకీ సెరామిక్ ఫైబర్. మా వాడు స్టోరులో నుంచి ఒక చుట్ట తెచ్చి నా ముందు విప్పాడు. నాకు నోట మాట రాలేదు. తెల్లగా, మెత్తగా, చుట్టగా చుట్టి ఉంది. మన బ్లో రూములో నుంచి వచ్చే ల్యాపు! అదే వెడల్పు, అదే తీరు. కళ్ళు మూసుకుని ముట్టుకుంటేగానీ తేడా తెలీదు. పత్తి వేలికి అంటుకుంటుంది, ఇది కొంచెం గరగరలాడుతుంది.

చేసే విధానం అడిగితే అదీ మన పనిలాగే ఉంది. అల్యూమినా, సిలికా అనే రెండు తెల్ల పొడుల్ని కరెంటు కొలిమిలో పాకంలా కరగబెడతారు. ఆ పాకాన్ని గిరగిరా తిరిగే చక్రాల మీద పోస్తారు, లేదంటే గట్టి గాలితో కొడతారు. పీచుమిఠాయి బండి చూశారు గదా, అట్లా పోగులు విసురుతుంది. దాన్ని స్పిన్నింగు అనే అంటారట. నేను నవ్వాను. ఆ పోగులు బెల్టు మీద పడి పరుపులాగా వస్తే సూదులతో పొడిచి పొడిచి గట్టి చేస్తారు. మొదట 1940ల్లో అమెరికాలో చేశారు. ఇప్పుడు మన పక్కనే, ఆర్కాటుకి అవతల పాలారు ఒడ్డున రాణిపేటలో, మురుగప్ప గ్రూపు వాళ్ళ ఫ్యాక్టరీలో తయారవుతుంది. ఆ గ్రూపుదే కార్బొరండం యూనివర్సల్ అని తిరువొత్తియూరులో ఉంది గదా, 1954 నాటి కంపెనీ, సానరాళ్ళు చేసేది. ఆ పేరు మన వాళ్ళకి తెలిసే ఉంటుంది.

మెత్తటి దూదిలాంటిది అంత మంటని ఎట్లా ఆపుతుంది? ఇది మనం ఇంట్లో చూసేదే. చలికాలంలో బొంత కప్పుకుంటే వెచ్చగా ఉండేది గుడ్డ వల్ల కాదు, పోగుల మధ్య ఇరుక్కున్న గాలి వల్ల. కదలలేని గాలి వేడిని తొందరగా దాటనివ్వదు. ఇదీ అంతే, పోగు మాత్రం కాలిపోనిది. ఊళ్ళో కుమ్మరి ఆవం మీద గడ్డి, బూడిద, మట్టి కప్పేది కూడా వేడి బయటికి పోకుండానే.

ఇంకో సంగతి నాకు కొత్తగా తెలిసింది. ఇటుక గోడ వేడిని బయటికి వదలడమే కాదు, ముందు తాను తాగుతుంది. మా మేనల్లుడు ఐ.టి.ఐ. చదివాడు, సిగరెట్టు పెట్టె అట్ట మీద లెక్క వేసి చూపించాడు. (సిగరెట్టు ఎవరిదని అడిగితే ఓనరుది అన్నాడు. సరే.) ఒక చదరపు మీటరు ఇటుక గోడ, తొమ్మిది అంగుళాల మందానిది, సుమారు 460 కిలోలు తూగుతుంది. అదే ఎనిమిది అంగుళాల ఫైబర్ అయితే 26 కిలోలు. చల్లారిన కొలిమిని వెలిగిస్తే, ఇనుము కాలే ముందు ఈ గోడ కాలాలి. ఆ ఒక్క చదరపు మీటరు ఇటుక సుమారు ఏడు లీటర్ల ఆయిలులో ఉండే వేడిని మింగేస్తుంది. ఫైబర్ మింగేది అర లీటరు కంటే తక్కువ. గోడలూ కప్పూ కలిసి పది చదరపు మీటర్లు అనుకుందాం. 70 లీటర్లు ఒకవైపు, 4 లీటర్లు ఒకవైపు. పైగా కాల్చిన ఆయిలు వేడిలో సగానికి మించి పొగగొట్టంలోనే పోతుంది కాబట్టి, 70 లీటర్ల వేడి గోడకి ఎక్కాలంటే దానికి రెట్టింపు పైనే కాల్చాలి. ఒక్క ముక్క కూడా కొట్టకముందే ఇంత ఖర్చు.

రోజూ ఇంత పోదు. రాత్రి ఆపినా ఇటుక తెల్లారేదాకా కొంత వేడి పట్టుకునే ఉంటుంది. ఆదివారం సెలవు పోయి సోమవారం పొద్దున వెలిగించేటప్పుడు మాత్రం పూర్తి లెక్క పడుతుంది. అందుకే సోమవారం మా వాడు తెల్లవారుజామున మూడింటికి లేచి పోయేవాడు, షిఫ్టు మొదలయ్యేసరికి కొలిమి రంగు రావాలని. ఫైబర్ కొలిమి అంత ముందు వెలిగించే పనిలేదు. మా అక్క ఈ లైనింగుని మెచ్చుకునేది ఆయిలు లెక్క చూసి కాదు, కొడుకు ఇంకో మూడు గంటలు నిద్రపోతున్నాడని. రాత్రింబగళ్ళు ఆపకుండా నడిచే పెద్ద ఫ్యాక్టరీలకి ఈ లాభం ఇంత ఉండదు, వాళ్ళ గోడ ఒకసారి తాగి ఊరుకుంటుంది. ఒక షిఫ్టు నడిపి ఆపేసే చిన్న షెడ్డుకే ఎక్కువ లాభం.

అయితే అంతా ఫైబర్ పెట్టేయొచ్చా అంటే కుదరదు. కింద నేల మీద బరువైన ఇనప ముక్కలు ఈడుస్తారు, ఎర్రగా కాలిన ఇనుము మీద నుంచి పొక్కులు రాలతాయి. అక్కడ ఇటుకే ఉండాలి. బర్నరు మంట నేరుగా తగిలే చోట ఫైబర్ చిరుగుతుంది. పన్నెండు వందల డిగ్రీలు దాటే చోట 1260 గ్రేడు చాలదు, 1425 గ్రేడు కావాలి, అది ఖరీదు. ఇంక నేను కళ్ళారా చూసింది ఇంకొకటి చెబుతాను. ఎంత మంచి బొంత కప్పినా, కుర్రాళ్ళు తలుపు బార్లా తీసి ముక్క కోసం వెతుకుతూ నిలబడితే వేడి అంతా ముందునుంచే పోతుంది. మా వాణ్ణి అడిగితే, ముక్క తీసేంత మేరకే తలుపు లేపాలి, అందరికీ తెలుసు, ఎవరూ చెయ్యరు అన్నాడు. మన ఇంట్లో ఫ్రిజ్జు తలుపు సంగతి అంతే. ఆ ఫ్రిజ్జు మీద నక్షత్రాల చీటీ ఉంటుంది చూడండి, ఆ చీటీ వేయించేది ఢిల్లీలోని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ, 2002లో పెట్టినది. కొలిముల గురించి, లైనింగుల గురించి పుస్తకాలు వేసింది కూడా ఆ ఆఫీసే. మా వాడి దగ్గర దాని ఫోటో కాపీ ఉంది, ఆయిలు మరకలతో.

ఇదంతా చూస్తుంటే నాకు మా మిల్లు గుర్తుకొచ్చింది. ఏ మిల్లో చెప్పను, అవసరం లేదు. బాయిలరు నుంచి గంజి ఖాతాకి, రంగుల ఖాతాకి ఆవిరి గొట్టాలు పోయేవి. కొత్తలో వాటికి మందంగా కట్టు ఉండేది. ఏళ్ళు గడిచేకొద్దీ కట్టు ఊడి కింద పడేది, ఎత్తి పక్కన పడేసేవాళ్ళు, మళ్ళీ కట్టించేవాళ్ళు కాదు. చివరి ఏళ్ళల్లో సగం గొట్టాలు బోడిగా ఉండేవి. వానాకాలంలో మేము వాటి పక్కన చొక్కాలు ఆరేసుకునేవాళ్ళం. మా మేనల్లుడు చెబుతాడు, నాలుగు అంగుళాల బోడి ఆవిరి గొట్టం మీటరు పొడవున పోగొట్టే వేడి, ఒక కరెంటు ఇస్త్రీపెట్టె రాత్రింబగళ్ళు వేసి ఉంచినంత అని. మా ఖాతాలో ఎన్ని మీటర్లు ఉండేవో! మిల్లు మూతపడ్డానికి అదే కారణం అనను. కారణాలు వేరే చాలా ఉన్నాయి. నష్టం నష్టం అని మేనేజిమెంటు నోటీసు బోర్డులో పెట్టిన రోజుల్లో కూడా ఆ గొట్టాలు బోడిగానే ఉన్నాయని మాత్రం చెబుతాను. ఈ షెడ్డు ఓనరు చిన్నవాడు, అప్పు తెచ్చి ఫైబర్ వేయించాడు. ఆయిలు రేటు పెరిగినప్పుడు పక్క వీధిలో షెడ్లు మూతపడ్డాయి, ఇది నడుస్తోంది. మా అక్క ఇంట్లో పొయ్యి వెలుగుతోంది.

ఇక అసలు సంగతి. నేను రెండోసారి పోయింది ఒక శనివారం సాయంత్రం. ఫైబర్ కొలిమికి కొన్నేళ్ళయింది, కప్పు దగ్గర పాతది ఊడుతోంది, తీసేసి కొత్తది పెట్టాలి. కాంట్రాక్టు కుర్రాళ్ళు ఇద్దరు వచ్చారు, శ్రీకాకుళం వైపు వాళ్ళు. తెలుగు విని నాతో కలిశారు. "తాతా, పక్కకి ఉండండి, దుమ్ము" అన్నారు. ముఖానికి తువ్వాలు కట్టుకుని, లోపలికి దూరి, ఇనప కడ్డీలతో కప్పుని పీకడం మొదలెట్టారు. కొత్త ఫైబర్ మెత్తగా ఉంటుందన్నాను గదా, కాలిన పాతది అలా ఉండదు. అప్పడంలా పెళుసు. ముట్టుకుంటే పొడి. ఆ లైటు వెలుగులో తెల్లటి దుమ్ము గాలిలో తేలడం చూశాను.

అది నేను చూసిన దుమ్మే. కార్డింగులో సోమవారం పొద్దున మిషన్లు తిప్పినప్పుడు లేచే దుమ్ము. మన వాళ్ళకి సోమవారం రొప్పు అంటే ఏమిటో చెప్పక్కరలేదు. సెలవు తర్వాత మిల్లులోకి అడుగు పెట్టగానే గుండె పట్టేసినట్టు ఉండేది, మంగళవారానికి తగ్గేది. కొన్నేళ్ళకి తగ్గడం మానేసేది. డాక్టర్లు దానికి బిసినోసిస్ అని పేరు పెట్టారు. మా లైనులో ఒకాయన అయనావరం ఇ.ఎస్.ఐ. ఆసుపత్రికి ఎన్నిసార్లు పోయి వచ్చాడో లెక్క లేదు. పేరు తెలిసేసరికి ఆయనకి మెట్లు ఎక్కే ఓపిక పోయింది.

ఈ పోగు పత్తికంటే పాడు. పత్తి పోగు సుమారు 15 మైక్రాన్ల మందం. ఇది రెండు నుంచి నాలుగు మైక్రాన్లు. అంత సన్నటిది ముక్కులో ఆగదు, ఊపిరితిత్తుల అడుగుదాకా పోతుంది, పత్తిలాగా కుళ్ళదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళ క్యాన్సరు పరిశోధన విభాగం దీన్ని మనుషులకి క్యాన్సరు తెచ్చే అవకాశం ఉన్నవాటిలో చేర్చింది. అది చాలదన్నట్టు, చాలాకాలం వెయ్యి డిగ్రీల పైన కాలినదాంట్లో క్రిస్టోబలైట్ అనే సిలికా తయారవుతుంది. రాతి క్వారీల్లో పనిచేసేవాళ్ళకి వచ్చే సిలికోసిస్ తెచ్చే జాతి అది. కాబట్టి కొత్తది పెట్టేవాడికంటే పాతది పీకేవాడికి ప్రమాదం ఎక్కువ. 1948 ఫ్యాక్టరీల చట్టంలో ప్రభుత్వానికి తెలియజేయవలసిన రోగాల పట్టీ ఉండేది, దాంట్లో బిసినోసిస్ ఉండేది, సిలికోసిస్ ఉండేది. పట్టీలో ఉంటే ఏం, తువ్వాలు కట్టుకున్న కాంట్రాక్టు కుర్రాడు ఏ రిజిస్టరులో ఉంటాడు?

నేను ఓనరు దగ్గరికి పోయి పని ఆపించమన్నాను. మా మేనల్లుడికి ముఖం మాడిపోయింది, ఉద్యోగం వాడిది గదా. ఓనరు మర్యాదగానే "పెద్దాయనా, ఇది దూదిలాంటిదే, ఏమీ కాదు" అన్నాడు. "నేను దూదిలోనే పదహారేళ్ళు పని చేశాను, అందుకే చెబుతున్నా" అన్నాను. కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత మా వాడే ఫోనులో లైనింగు కంపెనీ వాళ్ళ కాగితం తీసి చూపించాడు. అందులో అంతా రాసే ఉంది. పీకే ముందు నీళ్ళు చల్లి తడపాలి. ఎన్-95 లాంటి అసలైన మాస్కు కావాలి, గుడ్డ పనికిరాదు. పొడి చీపురుతో ఊడ్వకూడదు, గాలి గొట్టంతో బట్టలు దులుపుకోకూడదు. వేసుకున్న బట్టలు ఇంటికి తీసుకుపోకూడదు.

ఈ చివరి మాట కోసమే ఆడవాళ్ళు చదవాలని మొదట్లో అన్నాను. మా ఇంటావిడ నా మిల్లు చొక్కా పెరట్లో దులిపి నానబెట్టేది. పక్కన పిల్లలు ఆడుకునేవాళ్ళు. పత్తి కనుక తెల్లగా కనబడేది. ఇది కనబడదు. మీ ఇంట్లో ఎవరైనా కొలిమి లైనింగు పని నుంచి వస్తే, ఆ బట్టలు దులపకండి. షెడ్డులోనే మార్చుకుని రమ్మనండి. కుదరకపోతే వేరే బకెట్టులో నీళ్ళల్లో ముంచి వేరేగా ఉతకండి. ఒంటికి దురద ఉంటే ముందు చన్నీళ్ళతో కడుక్కోమనండి, రుద్దితే పోగు చర్మంలోకి గుచ్చుకుంటుంది. ఊపిరితిత్తుల్లో కొన్నాళ్ళకి కరిగిపోయే రకం ఫైబర్ కూడా వచ్చింది, కొంచెం తక్కువ వేడికి పనికొస్తుంది. తలుపుకీ, వెనక పొరలకీ అదైనా వెయ్యమని మన పిల్లలు ఓనర్లని అడగవచ్చు. ఆయిలు మిగిలిన డబ్బులో ఇది ఎంత?

ఆ రాత్రి పని ఆపారు. ఆదివారం పొద్దున మాస్కులు, కళ్ళద్దాలు, పాత చొక్కాలు తెప్పించారు. తోట మందు కొట్టే డబ్బాతో నీళ్ళు చల్లి, తడిసినాక పీకారు. శ్రీకాకుళం కుర్రాళ్ళల్లో చిన్నవాడు మాస్కుతో ఊపిరాడడంలేదని రెండుసార్లు తీసేశాడు, రెండుసార్లూ నేను అరిచాను. మధ్యాహ్నం దాటినాక కొత్త ఫైబర్ మడతలు మడతలుగా పెట్టి, స్టీలు కొక్కేలతో బిగించారు. ఆ మడత పెట్టే తీరు చూస్తే మన ఫోల్డింగు ఖాతా వాళ్ళు సిగ్గుపడాలి, అంత నేర్పు.

దీపావళికి ఇటుక కొలిమిని కూడా మారుస్తారట. ఆ ఇటుకల్లో బాగున్నవి టీ కొట్టువాడు ఇప్పుడే అడిగి పెట్టుకున్నాడు, పొయ్యి కట్టుకోవడానికి. పీకేసిన పాత ఫైబర్‌ని ఎవరూ అడగలేదు. తడిపి, ప్లాస్టిక్ సంచుల్లో మూతి కట్టి షెడ్డు వెనక పెట్టారు. గుమ్మిడిపూండిలో ప్రమాదకరమైన చెత్త పూడ్చే చోటు ఉంది, అక్కడికి పంపాలంటే ఎంతవుతుందో కనుక్కోమని ఓనరు మా మేనల్లుడికి చెప్పాడు. నేను ఇది రాస్తున్న రోజుకి ఆ సంచులు షెడ్డు వెనకే ఉన్నాయి. వాన పడకుండా పైన రేకు వేశారు.